రైలు ప్లాట్‌ఫాం దాటి ఆగితే వెనక్కి ఎందుకు రాదు?

మీ రైలు ప్లాట్‌ఫాం దాటి ఆగిందని, దాన్ని వెనక్కి తేవచ్చు కదా అని అడిగారు. తడి పట్టాల మీద చక్రాలు జారి ఉంటాయి, లేదా అక్కడ స్టాప్ లేదనుకుని డ్రైవర్ బ్రేక్ ఆలస్యంగా వేసి ఉంటాడు. మీరడిగినట్టు వెనక్కి తేవడం అంత తేలిక కాదు. వెనక లైను మరో రైలుకి ఇచ్చేసి ఉండొచ్చు, అందుకే సిగ్నల్ వాళ్ల అనుమతి కావాలి.

మళ్లీ ఇలా జరిగితే:

1. పట్టాల మీదకి దిగొద్దు. పక్క లైన్లో రైలు రావచ్చు.
2. ముందు పెట్టెలే ప్లాట్‌ఫాం దాటితే, లోపల్నుంచే వెనక పెట్టెలోకి నడిచి దిగండి.
3. స్టేషనే దాటిపోయిందా? చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే: కోపంగా తర్వాతి స్టేషన్లో దిగిపోతారు. దిగేముందే గార్డుకి చెప్పి, జరిగింది టికెట్ మీద రాయమనండి. ఆ రాత లేకపోతే తిరుగు రైల్లో మిమ్మల్ని టికెట్ లేని ప్రయాణికుడిగా చూడొచ్చు.