బఫేలో ఎంత తింటే డబ్బులు గిట్టినట్టు?

పోయిన నెల ఈ పేజీలో హైదరాబాద్ బఫేల గురించి నాలుగు ముక్కలు రాస్తూ "పొద్దున్నుంచి కడుపు మాడ్చుకుని మాత్రం వెళ్లకండి" అన్నానో లేదో, ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ వచ్చి పడ్డాయి. సగం మంది "మా డబ్బు మా ఇష్టం, మీకెందుకు" అని కోప్పడ్డారు. మిగతావాళ్లు అడిగిన వాటిలో కొన్ని ఇవి.

మా పెళ్లిరోజుకి అత్తగారినీ మామగారినీ గచ్చిబౌలిలో ఒక పెద్ద హోటల్ బఫేకి తీసుకెళ్లాం. మనిషికి రెండు వేల పైమాటే. మామగారు అరగంటసేపు అన్ని కౌంటర్లూ చుట్టి చూసొచ్చి, చివరికి కాస్త పప్పు, రెండు గుత్తివంకాయలు, పెరుగన్నం తిని "కడుపు నిండిందమ్మా" అని లేచారు. మా ఆయన ఆ రెండు వేల గురించి ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు. తప్పు ఎవరిదండీ? – ఒక పాఠకురాలు, హనుమకొండ

ఎవరిదీ కాదమ్మా. మీ మామగారిది పంక్తి భోజనాల తరం. విస్తరి ముందు కూర్చుంటే వడ్డించేవాళ్లే మన దగ్గరికి వస్తారు, చెయ్యి అడ్డం పెట్టినా కొసరి కొసరి వేస్తారు. అలాంటి మనిషికి ప్లేటు పట్టుకుని వరసలో నిలబడి, మూత తానే తీసుకుని, పక్కనున్న చీటీ మీద ఇంగ్లీషులో ఏం రాసుందో చదువుకుని వడ్డించుకోవాలంటే మొహమాటంగా ఉంటుంది. పెళ్లిళ్లలో బఫేలు మొదలైన కొత్తలో మా నాన్నగారైతే ఎవరో ఒకరు వచ్చి "తిన్నారా" అని అడిగేదాకా కుర్చీలోంచి కదిలేవారు కాదు.

ఈసారి వెళ్తే ఆయన్ని లేవనివ్వకండి. మీరే ఒక ప్లేట్లో నాలుగైదు రకాలు ఒక్కో ముక్క చొప్పున తెచ్చి ముందు పెట్టండి, పేరు చెప్పి ఊరుకోకుండా అది మనవాటిలో దేనికి చుట్టమో కూడా చెప్పండి. హమ్మస్ అంటే ఉడికించిన కాబూలీ శనగలు, నువ్వుల ముద్ద, వెల్లుల్లి, నిమ్మరసం కలిపి రుబ్బిన పచ్చడి, అంతే. జపాన్ వాళ్ల టెంపురా మన బజ్జీకి దూరపు బంధువు. డిమ్‌సమ్‌లో ఆవిరి మీద ఉడికించే రకాలు చూస్తే లోపల కూర పెట్టిన కుడుముల్లాగే ఉంటాయి. రిసోటో నోట్లో పెట్టుకుంటే నాకు మిరియాలు మర్చిపోయిన కట్టెపొంగలి గుర్తొస్తుంది (ఇటలీ వాళ్లు వింటే కొడతారేమో). పత్తర్ కా గోష్ కోసమైతే మొహమాటపడే పనే లేదు, కాలిన రాతి పలక మీద వేగిన మటన్, మన హైదరాబాద్‌దే. ఇంత చేసినా ఆయన పెరుగన్నమే తింటానంటే తిననివ్వండి. మీ ఆయనకి ఒక మాట: పెద్దవాళ్లని తీసుకెళ్లేది వారం మధ్యలో మధ్యాహ్నం పూట అయితే చాలాచోట్ల రేటు తక్కువ ఉంటుంది, సణుగుడు కూడా ఆ మేరకు తగ్గుతుంది.

మేం ఐదుగురం రూమ్‌మేట్స్. టేబుల్ మధ్యలో గ్రిల్ పెట్టే బార్బెక్యూకి పొద్దున్నుంచి ఏమీ తినకుండా వెళ్లాం. స్టార్టర్స్‌తోనే పని అయిపోయింది, బిర్యానీ వాసన కూడా చూడలేకపోయాం. ఎలా తింటే డబ్బులు గిట్టుతాయో కాస్త టెక్నిక్ చెప్పండి. – కూకట్‌పల్లి నుంచి

అదే బాబూ నేను పోయిన నెల మొత్తుకుంది! 2006లో బార్బెక్యూ నేషన్ మొదలై, ఆ తర్వాత 2013లో మన హైదరాబాద్‌లోనే అబ్సల్యూట్ బార్బెక్యూస్ వచ్చాక ఈ గ్రిల్ పద్ధతి మనవాళ్లకి బాగా అలవాటైంది. టేబుల్ మీద చిన్న జెండా ఉంటుంది, అది దించేదాకా ఊచలు వస్తూనే ఉంటాయి. ఆకలితో నకనకలాడుతూ కూర్చుంటే ఏది ముందొస్తే దాని మీద పడతాం. వెల్‌కమ్ డ్రింక్, సూప్, చీజ్ పూసిన బంగాళదుంపలు, మొక్కజొన్న, ఇవన్నీ చౌక సరుకు, త్వరగా పొట్ట నింపేవి. రొయ్య, చేప, మటన్ ఖరీదు. అలాగని అది మోసమేమీ కాదు, వాళ్ల లెక్క వాళ్లది. తిన్నంత పెడతామన్నవాళ్లు ఒక్కో మనిషిని చూసి లెక్క వేసుకోరు, హాలు మొత్తానికి సగటు చూసుకుంటారు. మీ ఐదుగురు రొయ్యల మీద పడితే అటు పక్క టేబుల్లో ఎవరో పెద్దాయన పెరుగన్నం తిని లేస్తాడు. పైన ఉత్తరం చదివారుగా, హనుమకొండ మామగారు మీ బిల్లులో కొంత కట్టేసినట్టే.

టెక్నిక్ అన్నారు కాబట్టి నేను చేసేది చెప్తాను. పొద్దున రెండు ఇడ్లీలు తిని వెళ్తాను. వెళ్లగానే ప్లేటు ముట్టుకోకుండా ఒక రౌండ్ మొత్తం తిరుగుతాను, స్వీట్ల వరకూ. ఇంట్లో దొరికేది, నేనే బాగా చేయగలిగేది పక్కన పెట్టేస్తాను, ఫ్రైడ్ రైస్ తినడానికి అంత దూరం ఎందుకు? తర్వాత చిన్న చిన్న ముద్దలుగా, మధ్యలో కబుర్లు చెప్పుకుంటూ తింటాను, ఎందుకంటే కడుపు నిండిన సంగతి బుర్రకి చేరడానికి ఓ ఇరవై నిమిషాలు పడుతుంది, ఆలోపే మనం కుక్కేస్తాం. ఇంకో చిక్కుంది. ఒకే వంటకం తింటుంటే కాసేపటికి మొహం మొత్తుతుంది, రుచి మారిస్తే మళ్లీ ఆకలి పుట్టుకొస్తుంది. బార్బరా రోల్స్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1980ల మొదట్లోనే ప్రయోగాలు చేసి, రకాలు పెరిగితే మనుషులు ఎక్కువ తింటారని చూపించారు. ఇక తినలేం బాబోయ్ అన్నవాళ్లే డబల్ కా మీఠా కనిపించగానే లేచి వెళ్లేది అందుకే. రొయ్యలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే మాత్రం హోటల్ వాడిని గెలవలేరు, వాడు ఆ లెక్క మీకంటే ముందే వేసి బోర్డు పెట్టాడు.

బోర్డు మీద 1,499 అన్నారు, బిల్లు 1,946 వచ్చింది! ఏమిటిది? – విశాఖపట్నం

మీరు పంపిన బిల్లు ఫొటో చూశాను. 1,499 మీద పది శాతం సర్వీస్ చార్జ్ వేశారు, ఆ మొత్తం మీద 18 శాతం జీఎస్టీ వేశారు. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతమే. గది అద్దె రోజుకి 7,500 దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లకి 18, మీరు వెళ్లింది అలాంటిదే కాబట్టి దాన్ని తప్పు పట్టలేం. సర్వీస్ చార్జ్ సంగతి వేరు. హోటల్ వాళ్లంతట వాళ్లే దాన్ని బిల్లులో కలిపేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇష్టమైతే ఇస్తాం, లేకపోతే లేదు. తీసేస్తే మీ బిల్లు 1,769 అయ్యేది, అంటే మనిషికి 177 రూపాయల తేడా. నలుగురు వెళ్తే లెక్క మీరే వేసుకోండి. తీసేయమని మర్యాదగా అడగండి, కుదరదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తీయించుకున్నాక మీకు వడ్డించిన అబ్బాయి చేతిలో వంద పెడితే మాత్రం నేను అడ్డు చెప్పను.

మా అమ్మాయికి ఏడో నెల. బఫేకి వెళ్దామని, సుషీ తింటానని గొడవ. తినొచ్చా? – విజయవాడ

పచ్చి చేప వేసిన సుషీ (జపాన్ వాళ్ల అన్నం చుట్టలు) వద్దే వద్దు. కీరదోసకాయ, అవకాడో పెట్టినది, పూర్తిగా ఉడికిన రొయ్య పెట్టినది అక్కడికక్కడ చుట్టి ఇస్తే సరే. పచ్చి మొలకలు, సగం ఉడికిన గుడ్డు కూడా వద్దని చెప్పండి. ఇంకేమైనా సందేహం ఉంటే ఆమెని చూసే డాక్టరమ్మనే అడగండి.

ఇది మీ అమ్మాయికే కాదు, అందరికీ పనికొచ్చే సంగతి: ఆ మూతల గిన్నెల కింద వేడినీళ్లు, చిన్న మంట ఉంటాయి చూడండి, అవి కూరని వేడిగా ఉంచుతాయి తప్ప చల్లారినదాన్ని మళ్లీ సరిగ్గా వేడి చేయలేవు. వేడి పదార్థం 60 డిగ్రీల పైన, చల్లటిది 5 డిగ్రీల లోపు ఉండాలి. థర్మామీటర్ పట్టుకెళ్లక్కర్లేదు, మూత తీయగానే పొగలు రావాలి, సలాడ్ల గిన్నెలు ఐసు మీద కూర్చుని ఉండాలి. తలుపులు తెరిచిన తొలి గంటలో వెళ్లడం, దోశ, పాస్తా లాంటివి కళ్లముందు వేసిచ్చే కౌంటర్ దగ్గర నిలబడటం మంచిది. ఒకసారి ఒక పేరున్న హోటల్‌కి (పేరెందుకు లెండి) రాత్రి పదిన్నరకి వెళ్లి, గోరువెచ్చగా ఉన్న రొయ్యల వేపుడు ఆశపడి తిని, రెండు రోజులు ఓఆర్ఎస్ మీద బతికాను.

మేం శాకాహారులం. ఆకుపచ్చ చుక్క చూసుకుంటే సరిపోతుందా? – కర్నూలు

మన వంటకాల దగ్గర సరిపోతుంది. విదేశీ వరస దగ్గర మాత్రం షెఫ్‌ని పిలిచి అడగండి. థాయ్ కూరల్లో ఫిష్ సాస్, కొరియా వాళ్ల ఊరగాయ కిమ్చీలో రొయ్యల పేస్టు, సీజర్ సలాడ్‌లో చిన్న చేపలు, మూస్ అనే నురగలాంటి స్వీట్లు కొన్నింట్లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉండటం మామూలే. ఇక మాంసం గరిటె తెచ్చి పప్పులో పెట్టే మహానుభావులు ప్రతి హాల్లో ఒకరుంటారు, వాళ్లకంటే ముందే వెళ్లి వడ్డించుకోవడం తప్ప నాకు మందు తెలీదు.

మా అమ్మ బఫేలోంచి రెండు పూతరేకులు టిష్యూలో చుట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. మనవడి కోసమట! నాకు తల కొట్టేసినట్టయింది. అది దొంగతనమేనా? – పేరు వద్దన్నారు

తిన్నంత అంటే అక్కడ కూర్చుని తిన్నంత అనే కాబట్టి, రూలు ప్రకారం తప్పే. కానీ ఆవిడని ఏమీ అనకండి. నాకున్న అనుమానం వేరు: ఆత్రేయపురం నుంచి డబ్బాలో జాగ్రత్తగా తెచ్చుకుంటేనే ఇంటికొచ్చేసరికి సగం విరిగి ఉంటాయి, హ్యాండ్‌బ్యాగ్‌లో తాళాల గుత్తి పక్కన పెట్టినవి మనవడి చేతికి ఏ రూపంలో చేరాయో మీరు రాయనేలేదు.