‘టేక్ దిస్ జాబ్ అండ్ షవ్ ఇట్’ పాటలోని కార్మికుడు నిజంగా ఉద్యోగం మానేశాడా?

లేదు. 1977లో అమెరికన్ కంట్రీ సంగీత గాయకుడు జానీ పేచెక్ పాడిన ఈ పాటలో ‘నీ ఉద్యోగం నువ్వే ఉంచుకో’ అనే అర్థమొచ్చే పల్లవి ఒక్కటే వింటే, ఉద్యోగం వాళ్ల మొహాన కొట్టి వచ్చేశాడనే అనిపిస్తుంది. చరణాలు కూడా వినండి. దాదాపు 15 ఏళ్లుగా అదే ఫ్యాక్టరీ. అప్పులు తీరకుండానే కన్నుమూసిన మంచివాళ్లను చూశాడు. ఎవరి కోసం కష్టపడ్డాడో ఆమే వదిలి వెళ్లిపోయింది. ఫోర్‌మన్ (పనివాళ్లపై అజమాయిషీ చేసేవాడు) అంటే ఒళ్లుమంట. అయినా పల్లవిలోని ఆ మాట పైకి అనలేదు! అనే ధైర్యం ఉంటే ఒంటిమీద చొక్కా అయినా ఇచ్చేస్తానంటాడు. నాకు అన్నిటికంటే గుండె పిండేది అక్కడే. పాట రాసింది డేవిడ్ అలన్ కో. 1978 జనవరిలో అమెరికా కంట్రీ చార్టుల్లో మొదటి స్థానానికి చేరింది.