కరక్కాయ పట్టించకుండా కలంకారీ నలుపు రాదండీ

ప్రశ్న: శ్రీకాళహస్తి పద్ధతిలో ఇంట్లోనే కలంకారీ వేద్దామని తుప్పు పట్టిన మేకుల్ని బెల్లం నీళ్లలో ఎనిమిది రోజులు నానబెట్టి నలుపు తయారు చేశాను. కొత్త కాటన్ గుడ్డని ప్యాకెట్ పాలలో ముంచి, ఆరబెట్టి నెమలి బొమ్మ గీశాను. కరక్కాయ ఎందుకులే అని మానేశాను. గీత నల్లగా రాలేదు, బూడిద రంగులో వచ్చి పక్కలకి పాకింది. రెండు గుడ్డలు పాడయ్యాయి. తప్పెక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీ చెయ్యి బాగానే ఉందండీ, టెన్షన్ పడకండి. తప్పంతా గుడ్డ దగ్గరే జరిగింది. ఆ నలుపు సీసాలో ఉండదు, గుడ్డ మీద పుడుతుంది. మేకులూ బెల్లమూ పులిసి వచ్చిన నీళ్లని కలంకారీ వాళ్లు కసిమి అంటారు, అందులో ఉండేది కరిగిన ఇనుము. ఇక కరక్కాయలో ఉండేది వగరు. ఈ వగరు ముందే పట్టి ఉన్న గుడ్డ మీద ఇనుము పడితేనే అక్కడికక్కడ నల్లబడుతుంది. మీ గుడ్డలో వగరే లేదు కాబట్టి గీత బూడిద రంగు దగ్గరే ఆగిపోయింది. సరిగ్గా పట్టించిన గుడ్డ మీద గీసి చూడండి, కలం కింద నుంచి గీత ముందు పల్చగా, మురికి నీళ్లలా వస్తుంది, చూస్తుండగానే నల్లబడిపోతుంది. ఎన్నేళ్లుగా వేస్తున్నా ఆ క్షణం కోసం నేను ఇప్పటికీ కాసేపు చెయ్యి ఆపి చూస్తాను.

గీత పాకడానికి కారణం మీరు వాడిన పాలు. పాలలోని కొవ్వే సిరాని పాకకుండా ఆపుతుంది, అందుకే గేదె పాలు వాడతారు. మీ ప్యాకెట్ టోన్డ్ పాలదైతే అందులో కొవ్వు 3 శాతమే. గేదె పాలు దొరక్కపోతే 6 శాతం ఉండే ఫుల్ క్రీమ్ తెచ్చుకోండి. అసలు అంతకంటే ముందు కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, రాత్రంతా నానబెట్టి రెండుసార్లు ఉతికి అదంతా పోగొట్టాలి, లేకపోతే పాలూ పట్టవు, కరక్కాయా పట్టదు. నేను మీటరు గుడ్డకి అర లీటరు పచ్చిపాలు, అర లీటరు నీళ్లు, గింజ తీసి దంచిన కరక్కాయ పొడి ఒక పెద్ద పిడికెడు వేస్తాను. పావుగంట నానాక మెలితిప్పకుండా నొక్కి పిండి, ఎండలో పరిచి ఆరేస్తాను. మధ్యలో గుడ్డని తిరగేయడం మర్చిపోకండి, ఎండ తగిలిన వైపు పసుపు ఎక్కువ ఎక్కుతుంది. కరక్కాయలు ఆయుర్వేద మందుల దుకాణంలో దొరుకుతాయి.

కసిమికి ఎనిమిది రోజులు చాలవు, మూడు వారాలు ఆగండి. అలాగని మరీ చిక్కగానూ వాడకూడదు. నేను మొదట్లో వేసిన ఒక చెట్టు బొమ్మలో కొమ్మలు దట్టంగా రావాలని చిక్కటి కసిమిని రెండుసార్లు పూశాను, రెండేళ్లకి సరిగ్గా ఆ కొమ్మల వెంటే గుడ్డ చిరగడం మొదలైంది. ఇనుము ఎక్కువైతే నూలుని తినేస్తుంది. పాడైన ఆ రెండు గుడ్డల్నీ పారేయకండి, చిన్న ముక్కలుగా కత్తిరించి కసిమి పరీక్షకి పెట్టుకోండి, ఒక ముక్కకి కరక్కాయ పట్టించి ఇంకోదానికి పట్టించకుండా ఒకే గీత గీసి చూస్తే నేను ఇంత చెప్పిందీ కళ్ల ముందే కనిపిస్తుంది.

ప్రశ్న: ఫ్యాబ్రిక్ పెయింట్లతో జాకెట్టు పీసుల మీద కలంకారీ బొమ్మలు వేస్తున్నాను. కలంకారీ అని చెప్పి అమ్ముకోవచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అమ్ముకోండి, కానీ ఆ పేరుతో వద్దమ్మా. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ ఊరి పనికే ఆ పేరు చెందుతుందని ఇచ్చే గుర్తింపు. పెడన, మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో వేసేదానికీ వేరుగా ఉంది. శ్రీకాళహస్తి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చిందంటే వెదురు పుల్లకి గుడ్డ చుట్టి దారం కట్టిన ఆ కలంతో జీవితమంతా చేసిన పనికి వచ్చింది. ఇప్పటికే బజారులో స్క్రీన్ ప్రింట్ చీరలు ఎన్నో కలంకారీ పేరుతోనే పోతున్నాయి, నెలల తరబడి ఒక్క చీర మీద కూర్చునేవాళ్లకి ధర అడగడమే కష్టమైపోతోంది, అది చూస్తే నిజంగా బాధేస్తుంది. మీరు ‘కలంకారీ డిజైన్‌తో చేతి పెయింటింగ్’ అని రాసి, వాడిన రంగు పేరు కూడా చెప్పండి. చేత్తో వేసిన పనికి దాని విలువ దానికుంది, కొనేవాళ్లు కొంటారు.

ప్రశ్న: పాలు పట్టించిన గుడ్డకి వాసన పోవడం లేదు. కలంకారీ గుడ్డని పారే నీళ్లలో కడగాలంటారు, మేం ఫ్లాట్‌లో ఉంటాం, అవి ఎక్కడి నుంచి తేవాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి నది ఉంది, మనకి కుళాయే దిక్కు. గుడ్డని బకెట్లో నానేయకండి, వదిలిన రంగు మళ్లీ గుడ్డకే అంటుకుంటుంది. రెండు చివరలా ఇద్దరు పట్టుకుని ధారగా పడే నీళ్ల కింద కడగండి, నీళ్లు తేటగా వచ్చేదాకా. నాలుగైదు ఉతుకులకి వాసన పోతుంది. సర్ఫ్ వద్దు, కుంకుడుకాయ రసం చాలు. ఆరేసేటప్పుడు మాత్రం నీడలో వేయండి.