అద్దె ఇంట్లో మొదలైన సంఘం: స్థలం ఎవరి పేరున కొనాలి?

ప్రశ్న: నగరంలోని ఒక కాలనీలో ఇల్లు అద్దెకు తీసుకుని రెండేళ్లుగా ఆదివారం ఆరాధన జరుపుతున్నాం. పది మందితో మొదలైంది, ఇప్పుడు అరవై మంది వస్తున్నారు. ‘పర్మిషన్ లేని చర్చి, వెంటనే ఖాళీ చేయండి’ అని కాలనీ సంక్షేమ సంఘం నోటీసు ఇచ్చింది. కానుకల డబ్బుతో ఇక్కడే స్థలం కొని మందిరం కడదామనుకుంటున్నాం. నా పేరున రిజిస్టర్ చేయిస్తే పని త్వరగా అయిపోతుందని సంఘ పెద్దలు అంటున్నారు. అలా చేయవచ్చా? – ఒక పాస్టర్

జవాబు: పాస్టర్ గారూ, ముందు ఆఖరి ప్రశ్నకే వస్తాను. మీ పేరున కొనకండి.

దస్తావేజులో కొనుగోలుదారు అన్నచోట మీ పేరు, పక్కన మీ తండ్రి పేరు, మీ ఆధార్ నంబరు ఉంటాయి. డబ్బు అరవై మంది కానుకలదని అందులో ఎక్కడా ఉండదు. రేపు మీ తదనంతరం పిల్లలు ‘ఇది మా నాన్న ఆస్తి’ అంటే కాగితం వాళ్ల పక్షానే మాట్లాడుతుంది. సంఘం తరఫున ధర్మకర్తగా మీరు కొన్నారని రుజువు చేసే భారం విశ్వాసుల మీద పడుతుంది. పైగా ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరున ఆస్తి కొనడాన్ని నిషేధించే బినామీ చట్టం చిక్కు ఒకటి. చర్చి వ్యాజ్యాలు బయటివాళ్లతోనే కాదు, ఇలా లోపలా పుడతాయి.

కాబట్టి ముందు సొసైటీ పెట్టండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే వర్తిస్తుంది. ఏడుగురు సభ్యులుంటే చాలు. ఆ ఏడుగురూ మీ ఇంటివాళ్లే కాకుండా చూడండి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలని, సర్వసభ్య సమావేశం తీర్మానం లేకుండా ఆస్తి అమ్మకూడదని, పాస్టర్ మారితే ఏం చేయాలో నియమావళిలో రాయించండి. దస్తావేజు సొసైటీ పేరున, అధీకృత ప్రతినిధి సంతకంతో ఉండాలి. విదేశాల నుంచి ఎవరైనా డబ్బు పంపుతామంటే, 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి వచ్చేదాకా పైసా కూడా తీసుకోవద్దు.

స్థలం చౌకగా వస్తోందంటే అనుమానించండి. అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి కొంటే 1977 చట్టం ప్రకారం సాధారణంగా ఆ అమ్మకం చెల్లదు. లేఅవుట్‌లో పార్కుకు వదిలిన స్థలం కూడా అంతే. వీధులు, పార్కుల వంటి బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా కొత్తగా ఏ మతం ప్రార్థనా మందిరమూ కట్టనివ్వవద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న ఆదేశించింది. ఇంటి ప్లాను తీసుకుని చర్చి కట్టడం ఇంకో పొరపాటు. నిబంధనల దృష్టిలో మందిరం నలుగురు చేరే భవనం; పార్కింగు, అగ్నిమాపక షరతులు వేరు. ప్లానులో ‘ప్రార్థనా మందిరం’ అనే రాసి దరఖాస్తు చేయండి. ఆలస్యమవుతుంది, కానీ కూల్చివేత నోటీసు టెన్షన్ ఉండదు.

ఇక నోటీసు సంగతి. కాలనీ సంఘానికి మిమ్మల్ని ఖాళీ చేయించే అధికారం లేదు. ఆరాధించే స్వేచ్ఛ రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది. మత సంస్థలు ఆస్తి సంపాదించుకునే హక్కు 26వ అధికరణంలో ఉంది. అయితే వాళ్లు మున్సిపాలిటీకి ఫిర్యాదు చేయవచ్చు, మీ ఇంటి ఓనరును కదిలించవచ్చు. మీ అద్దె ఒప్పందం తీసి చూడండి. ‘నివాసానికి మాత్రమే’ అని ఉంటే, వేరే పనికి వాడకూడదని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతుంది. ఓనరు ఒప్పుకుంటే ఆరాధన మాట రాసి కొత్త ఒప్పందం చేసుకోండి. దాన్ని రిజిస్టర్ చేయించండి.

నిజం చెప్పండి, వాళ్ల కోపం ప్రార్థన మీదా, మైకు మీదా? నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి ఉండాలి. చెన్నైలోని ఒక చర్చి మైకు, డ్రమ్ముల వివాదం 2000లో సుప్రీంకోర్టుకు వెళ్లి, చర్చి ఓడిపోయింది. అరవై మందికి గదిలో మైకు అవసరమే లేదు. కిటికీలు మూసి పాడుకోండి.

ఎవరైనా వచ్చి ఆరాధనను అడ్డుకుంటే మాత్రం ఊరుకోనక్కర్లేదు. అది భారతీయ న్యాయ సంహిత 300వ సెక్షన్ కింద నేరం. ఫోనులో వీడియో తీయించండి, ఎదురు గొడవకు దిగకండి, స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

నోటీసును పక్కన పడేయకండి. ఓనరు సమ్మతి పత్రం, ఆరాధన వేళలు జతచేసి మర్యాదగా జవాబు రాయండి. స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదును ఫైల్లో పెట్టుకోండి.