ఫిట్స్ మాత్రలు వేసినా తగ్గట్లేదు.. చెల్లి నటిస్తోందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా చెల్లికి 22 ఏళ్లు. ఆరు నెలలుగా ఉన్నట్టుండి పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకుంటోంది, కళ్లు గట్టిగా మూసేస్తుంది, ఒక్కోసారి పావుగంట దాకా ఆగదు. ఎంఆర్‌ఐ, ఈఈజీ నార్మల్. ఫిట్స్ మాత్రలు వాడుతున్నా తగ్గలేదు. బరంపురంలో చూపిస్తే మానసికం అన్నారు. అమ్మ గాలి సోకిందంటోంది, నాన్న నాటకమంటున్నారు.

సలహా: మీ చెల్లి నటించడం లేదని ముందు మీ నాన్నగారికి చెప్పండి. మూర్ఛలో మెదడులోని విద్యుత్తు ఒక్కసారిగా అదుపు తప్పుతుంది. మీ చెల్లిది మూర్ఛ కాకపోతే అలాంటిదేమీ ఉండదు, మనసు మోయలేని ఒత్తిడి ఆమె ప్రమేయం లేకుండానే ఒంట్లోంచి ఇలా బయటపడుతుంది. వీటిని సైకోజెనిక్ నాన్ ఎపిలెప్టిక్ సీజర్స్ అంటాం.

అసలు మూర్ఛలో కళ్లు సాధారణంగా తెరిచే ఉంటాయి, చాలావరకు రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతుంది. అలాగని వీటితోనే తేల్చేయలేం. ఈఈజీ నార్మల్ అన్నారు కానీ, ఫిట్ లేనప్పుడు తీస్తే మూర్ఛ ఉన్నవాళ్లకీ నార్మల్ రావచ్చు. ఖాయంగా తెలియాలంటే వీడియో ఈఈజీ చేయాలి, అంటే ఫిట్ వస్తుండగానే కెమెరాతో పాటు మెదడు తరంగాలనూ రికార్డు చేస్తారు. విశాఖలో న్యూరాలజిస్టుని అడగండి. ఈలోపు మళ్లీ వస్తే, ముఖం కనిపించేలా ఫోన్‌లో తీయండి, మీరు అరగంట చెప్పినదానికంటే అది మాకు ఎక్కువ పనికొస్తుంది.

మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు, కొందరికి రెండు జబ్బులూ కలిసి ఉంటాయి. తేలాక డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. వాటిలో వాల్‌ప్రోయేట్ ఉంటే మాత్రం అడగండి, గర్భం వస్తే బిడ్డకు ప్రమాదం.

మానసిక ఫిట్స్ అని తేలితే, దీనికి అసలు వైద్యం సీబీటీ, అంటే ఆలోచనల తీరు, ప్రవర్తన మార్చుకోవడం నేర్పే కౌన్సెలింగ్. శ్రీకాకుళం దాకా వెళ్లాల్సి వచ్చినా తెలుగు వచ్చిన సైకాలజిస్టునే వెతకండి, గదిలో ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వండి, మీ ముందు చెప్పలేనివి ఉండొచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసినా మాట్లాడతారు.

ఫిట్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, మొహాన నీళ్లు కొట్టడం, వేపమండలు ఝాడించడం వద్దు, జనం మూగొద్దు. ఊపిరి ఆడకపోయినా, పెదాలు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పెళ్లి చేస్తే అదే పోతుందని మీకూ ఎవరో చెప్పే ఉంటారు. ఆ పెళ్లి మాటే ఆమె టెన్షనేమో, సంబంధాలు చూసేముందు అడగండి.