నీళ్ళ మీద దిగే విమానాల గురించి రాస్తున్న సుధకు

సుధా,

అమెరికాలో ఏటా జరిగే ఓష్‌కోష్ విమానాల పండగ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. సగానికి పైగా ఎయిర్‌షోకే పోయింది. యుద్ధవిమానాల హోరు, పల్టీలు, ఇసకేస్తే రాలని జనం, ఇవన్నీ మన బేగంపేటలో వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శనకి వెళ్ళినవాళ్ళకి ఎంతోకొంత తెలిసినవే, కాబట్టి ఒక పేరాలో సరిపెట్టెయ్. బస్సెక్కి వినెబాగో సరస్సు ఒడ్డుకి, నీళ్ళ మీద దిగే విమానాలు ఆగే ఆ సీప్లేన్ బేస్‌కి వెళ్ళావు చూడు, నేను నిటారుగా కూర్చుని చదివింది అక్కణ్ణుంచే. తీరా నువ్వేమో 'మనసు ఎంతో ప్రశాంతంగా అనిపించింది' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అదేంటమ్మా!

అక్కడ ఎవరికీ తొందర ఎందుకు లేదో రాయి. నీళ్ళ మీద విమానానికి బ్రేకులుండవు. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ముందుకు పోతూనే ఉంటుంది, ఆపేస్తే ముక్కు గాలికి ఎదురు తిప్పుకుని ఎటు తోస్తే అటు కొట్టుకుపోతుంది. అందుకే పైలట్ దూరం నుంచే లెక్క చూసుకుని మెల్లగా వస్తాడు, ఒడ్డున ఎవరో ఒకరు తాడు అందుకుని కట్టేస్తారు. నడుము దాకా తడిసి తాడు పట్టుకున్న పెద్దాయన గురించి ఒకే వాక్యం రాశావు, నాకు గుర్తుండిపోయింది ఆయనే. ఇంకాస్త సేపు ఆయన దగ్గర నిలబడు.

'అద్దంలాంటి సరస్సు' అన్నావు. నీకది అందం, దిగే పైలట్‌కి టెన్షన్. నీళ్ళు అంత నిశ్చలంగా ఉంటే తను ఎంత ఎత్తులో ఉన్నాడో కంటికి ఆనదు, ఓరకంట ఒడ్డును చూసుకుంటూ, నీళ్ళు తగిలేదాకా ఒకే తీరున నెమ్మదిగా దిగుతూ రావాలి. చిన్న అలలుంటేనే వాళ్ళకి హాయి. ఇది తెలిశాక ఆ వాక్యాన్ని నువ్వే ఉంచవు.

పొట్టే పడవలా ఉండే విమానాన్నీ, కింద పడవల్లాంటి రెండు ఫ్లోట్లు తగిలించినదాన్నీ ఒకే గాటన కట్టావు, విడదీయి. 2024 నవంబరు 9న విజయవాడ నుంచి శ్రీశైలానికి ట్రయల్ వేసిన ట్విన్ ఆటర్ రెండో రకం. మనవాళ్ళు చాలామంది టీవీలో చూశారు, దాని పేరెత్తితే చాలు బొమ్మ కట్టినట్టుంటుంది. హుస్సేన్‌సాగర్‌లో సీప్లేన్ దిగుతున్నట్టు ఊహించావే, అది మాత్రం తీసెయ్, చదవగానే వాసన గుర్తొచ్చి మూడ్ పోయింది.

తిరగరాశాక ఫోన్లో పంపకు, ప్రింట్ తీసుకుని చిక్కడపల్లి లైబ్రరీకి వచ్చెయ్. పొద్దున్నే రా, ఆలస్యమైతే గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఒక్క కుర్చీ కూడా మిగల్చరు.