స్టూడియో లేకుండా ఫ్రీ జాజ్ రికార్డింగ్: కుర్చీలు ఎక్కడ వేయాలి?

ప్రశ్న: విజయవాడలో శాక్సఫోన్, బేస్ గిటార్, డ్రమ్స్‌తో ముగ్గురం కలిసి అప్పటికప్పుడు పుట్టే జాజ్ వాయిస్తాం. చేతిలో ఇమిడే నాలుగు ట్రాకుల రికార్డర్, రెండు కార్డియాయిడ్ కండెన్సర్ మైకులు (ఎదుటి శబ్దాన్నే ఎక్కువగా పట్టేవి) ఉన్నాయి. ఇంట్లోనే ఆల్బమ్ తీయొచ్చా?

తీయొచ్చు. అయితే 'మిక్సింగ్‌లో చూసుకుందాం' అనే మాట మాత్రం మర్చిపోండి. ఒకే గదిలో వాయిస్తే డ్రమ్స్ ప్రతి మైకులోకీ దూరతాయి. తర్వాత శాక్సఫోన్ పెంచబోతే సింబల్సూ (డ్రమ్స్‌లోని లోహపు పళ్లేలు) దాంతోపాటే లేస్తాయి. అలాగని ఒక్కొక్కరినీ ఒక్కో గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు తగిలిస్తే, ఒకరి ఊపిరికి ఇంకొకరు బదులివ్వడం పోతుంది. ఇక మిగిలేది కుర్చీలు జరపడమే. మిక్సింగ్ అంతా అక్కడే.

రెండు మైకులనూ ఒకే స్టాండు మీద ఓఆర్‌టీఎఫ్ అనే స్టీరియో పద్ధతిలో పెట్టండి: తలల మధ్య 17 సెంటీమీటర్లు, కోణం 110 డిగ్రీలు. ఎత్తు 5 అడుగులు చాలు. మన స్లాబు ఇళ్లలో పైకప్పు తక్కువ. మైకు పైకి పోయేకొద్దీ అక్కడ తగిలి వచ్చే శబ్దం ఎక్కువై సింబల్స్ చెవిలో గుచ్చుకుంటాయి. శాక్సఫోన్ స్టాండుకు 5 అడుగుల దూరంలో, కాస్త పక్కకు తిరిగి. గొట్టం నోటికి ఎదురుగా మైకు పెడితే పదునే ఎక్కువ వస్తుంది. చాలా స్వరాలు కీల దగ్గరి రంధ్రాల నుంచీ వస్తాయి. డ్రమ్స్ ఇంకా వెనక్కి, స్టాండుకు 9, 10 అడుగుల దూరంలో, కింద పాత బొంత, వెనక గోడకు రెండు పరుపులు. బేస్ ఆంప్ 6 అడుగుల దూరంలో స్టూలు మీద, గది మూలకు కనీసం 3 అడుగులు ఎడంగా. మూలలో పెడితే బొంయ్‌మనే మోత తప్ప స్వరం తెలియదు.

రికార్డర్‌ను బేస్ ఆంప్‌కు అడుగు దూరంలో ఉంచి, దాని సొంత మైకుల్లో బేస్ విడిగా పట్టండి. శబ్దం అడుగు నడవడానికి దాదాపు 0.9 మిల్లీసెకను పడుతుంది. అంటే స్టాండు మైకులకు బేస్ సుమారు 4.5 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. దగ్గరి ట్రాకును అంత వెనక్కి జరపకుండా కలిపితే బేస్ పలచబడుతుంది, కారణం తెలియక ఈక్వలైజర్‌తో (మందర, తార ధ్వనులను హెచ్చుతగ్గులు చేసే సాధనం) కుస్తీ పడతారు. మొదట్లో ఒక బేస్ తీగను గట్టిగా ఒక్కసారి మీటి రికార్డు చేస్తే, తర్వాత రెండు తరంగాలనూ కంటితో చూసి సరిపెట్టుకోవచ్చు.

లెవెల్ పెట్టేటప్పుడు డ్రమ్మర్‌ను వీలైనంత గట్టిగా కొట్టమనండి, శిఖరం (మీటరు చూపే గరిష్ఠ స్థాయి) మైనస్ 18 డీబీ (డెసిబెల్) దాటకూడదు. అసలు వాయించేటప్పుడు ఇంకో 6 డీబీ అయినా పైకి పోతారు, ఎవరూ ఆపలేరు. 24 బిట్‌లో ఆ తగ్గింపు వల్ల నష్టమేమీ లేదు. ఆటోమేటిక్ లెవెల్ కచ్చితంగా ఆపేయాలి. అది ఉంటే నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా గది హోరు ఉబ్బుతుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, నాలుగు ట్రాకులు కలిపి గంటకు దాదాపు 2 జీబీ. శ్రుతి చేసుకునేటప్పుడే రికార్డు నొక్కి, చివరిదాకా ఆపకండి. మంచి ముక్క తరచూ 'ఇంకా మొదలుపెట్టలేదు' అనుకున్నప్పుడే వచ్చేస్తుంది.

ఇక మన ఊరి సంగతి. ఫ్యాను ఆపాలి: గాలి మైకుకు తగలడం ఒకటి, రెక్కలు శబ్దాన్ని కోసి శాక్సఫోన్ పొడుగు స్వరాల్లో వణుకు తెప్పించడం ఇంకొకటి. ఆపితే చెమటలు. వేడికి శాక్సఫోన్ శ్రుతి పెరుగుతుంది, తీగలేమో సాగి శ్రుతి దిగుతుంది, కాబట్టి 20 నిమిషాలకోసారి వాయించడం ఆపి, చల్లబడ్డాక మళ్లీ కలుపుకోండి. వీలైతే డిసెంబరు, జనవరి చూసుకోండి. చదరపు తరంగం (స్క్వేర్ వేవ్) ఇచ్చే ఇన్వర్టర్ మీద ఆంప్ నడిస్తే జుయ్యిమంటుంది. రికార్డర్‌ను బ్యాటరీ మీద పెట్టి, ఆంప్‌ను ఎర్త్ ఉన్న సాకెట్‌కే తగిలించండి. ఆంప్‌లో వచ్చే హమ్ (సన్నని మోత) పోతుందని ఎర్త్ పిన్ను విరిచేవాళ్లున్నారు; అది ప్రాణాపాయం. గవర్నర్‌పేట, వన్‌టౌన్ వైపు హారన్లు తప్పవు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు కాస్త మేలు. నెమ్మది భాగంలో దూరంగా ఒక రైలు కూత పడితే నేనైతే తీసేయను.

తర్వాత రికార్డింగ్‌లో కోత పెట్టాలంటే సింబల్ మోత పూర్తిగా ఆగిన చోటే పెట్టండి. నాయిస్ రిడక్షన్ (హోరు తగ్గించే ప్రక్రియ) 6 డీబీకి మించితే సింబల్ తోక నీళ్లలో మునిగినట్టు వినిపిస్తుంది. శిఖరం మైనస్ 1 డీబీ దగ్గర ఆపి, లౌడ్‌నెస్ కోసం పిండకండి. స్పాటిఫై ఎలాగూ మైనస్ 14 లఫ్స్ (వినికిడి బిగ్గరతనానికి కొలమానం) దగ్గరికి సర్దేస్తుంది.

లేబుల్ (రికార్డు కంపెనీ) లేదని దిగులెందుకు? 1970లో మీలాగే అప్పటికప్పుడు పుట్టే సంగీతం వాయించే డెరెక్ బెయిలీ, ఇవాన్ పార్కర్, టోనీ ఆక్స్‌లీ లండన్‌లో ఇన్కస్ అనే సొంత లేబుల్ పెట్టుకున్నదీ తమ రికార్డులు తామే వేసుకోవడానికే. కళాకారులే నేరుగా పాటలు అమ్ముకునే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్‌లో వేవ్ లేదా ఫ్లాక్ (నాణ్యత తగ్గని ఆడియో) ఫైలు ఎక్కించండి, డిజిటల్ అమ్మకాల మీద వాళ్ల వాటా 15 శాతం. డబ్బు పేపాల్‌కు వస్తుంది కనుక పాన్ కార్డు ముందే జతచేసుకోవాలి. స్వరకర్తలుగా ముగ్గురి పేర్లూ వేసి, వాటాలు ఎంతెంతో కాగితం మీద రాసుకున్నాకే ఎక్కించండి.